అంబాసిడర్‌కు ఇసుజు ఇంజిన్ కొనబోతున్నవారికి హెచ్చరిక: నంబరు చూడకుండా రూపాయి కూడా ఇవ్వకండి

విజయవాడ ఆటోనగర్‌లో పాత అంబాసిడర్ ఇంజిన్లు అమ్మే ఒక దుకాణదారు చేతిలో నేను ఈ నెలలో 64 వేల రూపాయలు పోగొట్టుకున్నాను. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. పాత అంబాసిడర్ ఉన్న మనలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆ గుమ్మం ఎక్కినవారే కాబట్టి రాయవలసిన అవసరమూ లేదు. ఆటోనగర్ మొత్తాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఇదే పని మీద నాకు నిజాయితీగా సాయపడిన లేత్ షాపు కూడా అక్కడిదే. అయితే వచ్చే ఆదివారం ఇంకెవరైనా డబ్బు పట్టుకుని ఆ దుకాణానికి వెళ్తారేమోనన్న భయంతో, కోపం ఇంకా చల్లారకముందే ఇది రాస్తున్నాను.

మా నాన్నగారి బండి 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4. అసలు 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌ను ఇప్పటికే రెండుసార్లు రీబోరు చేయించాము (అంటే అరిగిన సిలిండర్లను తొలిచి కాస్త వెడల్పు చేయించాము), ఇక బోరు తీయడానికి బ్లాకులో లోహం మిగలలేదు. కంపెనీయే 1990ల నుంచి అంబాసిడర్‌లో బిగించి అమ్మిన 1817 సీసీ ఇసుజు ఇంజిన్‌ను, దాని అయిదు గేర్ల పెట్టెతో సహా తెచ్చి, మా పెరటి షెడ్డులోనే మార్చుకుందామని నిర్ణయించుకున్నాను. 2014 మేలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది కాబట్టి, ఇప్పుడు దొరికే ఇసుజు ఇంజిన్ ఏదైనా తుక్కుకు పోయిన బండిలోంచి తీసినదే అయి ఉంటుంది. అందుకే అది ఎవరి బండిలోంచి వచ్చిందన్నది ముఖ్యం.

దుకాణంలో ఇంజిన్‌ను నేలమీద పాత టైర్లపై ఉంచి, బ్యాటరీ తగిలించి, సీసాలో పెట్రోలు వేలాడదీసి నా కళ్లముందే స్టార్ట్ చేశారు. రెండో సెల్ఫుకే అందుకున్నది. పొగ లేదు, ట్యాపెట్ల చప్పుడు మితంగా ఉన్నది, ఆయిల్ మూత తీసి అరచేయి పెడితే వెనక్కి గాలి కొట్టలేదు. నేను ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీసుకున్నాను. “స్టాండర్డ్ బోరు మాస్టారూ, హెడ్డు ఇంతవరకూ ఊడదీయలేదు, నాన్నగారి బండి అంటున్నారు, మీ దగ్గర లాభం చూసుకుంటానా” అని ఆయన అన్నారు. బిల్లు అడిగితే, జీఎస్టీ కలిస్తే మీకే భారమని చెప్పి, తెల్ల చీటీ మీద “ఇంజిన్ 1, గేర్ బాక్సు 1” అని రాసిచ్చారు. ఇంజిన్ తీసిన బండి కాగితాల నకలు మాత్రం సామానుతో పాటే పంపుతానన్నారు. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్న నేను, ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని మొత్తం సొమ్ము యూపీఐలో పంపించాను. ఇంత చదువుకుని ఆ చీటీకి ఎలా తలూపానా అని ఈ పది రోజుల్లో నన్ను నేను తిట్టుకోని పూట లేదు.

రెండు రోజుల తర్వాత, చీకటి పడ్డాక ట్రాలీ ఆటోలో సామాను వచ్చింది. అదే ఆకుపచ్చ రంగు, అదే ఆకారం. కాగితాలేవని అడిగితే, సేటు ఫోన్‌లో పంపుతారని ఆటో అబ్బాయి చెప్పాడు. నాన్నగారి కాలం నుంచి మా బండి చూస్తున్న మెకానిక్ బాబాయి, నేను, మా మేనల్లుడు కలిసి దాన్ని దింపి షెడ్డులో ఓ మూల పెట్టి, మర్నాటి నుంచి బండి పని మొదలుపెట్టాము. చైన్ పుల్లీతో పాత ఇంజిన్ పైకి లేపాము. మా బండికి గేర్ రాడ్డు స్టీరింగు పక్కన ఉంటుంది, ఇసుజు పెట్టెకు నేలమీద నుంచి రావాలి. అందుకని కార్పెట్ తీసి, ముందు సీట్ల మధ్య ఎత్తుగా ఉండే రేకును గ్రైండర్‌తో కోశాను. “కొత్త ఇంజిన్ ఒకసారి కడిగి చూసుకుని కోద్దాం బాబూ” అని బాబాయి రెండుసార్లు చెప్పాడు. సెలవులు అయిపోతున్నాయన్న తొందరలో నేను వినలేదు. నాన్నగారు నలభై ఏళ్లు గీత పడకుండా చూసుకున్న బండికి నా చేతితో పెట్టిన ఆ కోత ఇక పూడేది కాదు. పోయిన డబ్బు కంటే అదే నన్ను ఎక్కువ బాధిస్తున్నది.

మూడో రోజున ఇంజిన్‌ను కిరసనాయిలుతో కడగడం మొదలుపెట్టాము. మేనల్లుడు బ్రష్షుతో రుద్దుతుంటే బ్లాకు పక్కన ఒకచోట ఆకుపచ్చ రంగు పెచ్చుగా లేచి, దాని కింద బూడిదరంగు ఎంసీల్ ముద్ద బయటపడింది. బాబాయి స్క్రూడ్రైవర్ మొనతో దాన్ని గీకి తీసేసరికి, నీళ్లు తిరిగే జాకెట్ మీద బెత్తెడు పొడవున వెంట్రుకంత సన్నని పగులు కనిపించింది. హెడ్డు విప్పి, పిస్టన్ తల మీద మసి గీకి చూస్తే “100” అని అచ్చు ఉన్నది, అంటే ఇదివరకే రీబోరు చేసి 1 మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్లు వేశారన్నమాట. లేత్ షాపులో గేజు పెట్టి కొలిపిస్తే, 84 మిల్లీమీటర్లు ఉండవలసిన బోరు 85 ఉన్నది. ఎవరూ విప్పలేదని చెప్పిన ఇంజిన్ కథ ఇది. అప్పుడు నా ఫోన్ తీసి, దుకాణంలో తీసుకున్న ఫొటోలను పెద్దవి చేసి చూశాను. ఆ రోజు నా ముందు నడిచిన ఇంజిన్‌కు ఆయిల్ సంపు (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఎడమ మూల సొట్టపడి ఉన్నది. మా షెడ్డులో ఉన్న ఇంజిన్ సంపుకు సొట్ట లేదు.

అయినా అసలు దెబ్బ అది కాదు. బ్లాకు మీద ఇంజిన్ నంబరు కొట్టే చదునైన చోట గ్రీజు దట్టంగా పట్టించి ఉన్నది. గుడ్డతో తుడిచి, టార్చి వేసి, పక్కవాటుగా చూస్తే అంకె ఒక్కటి లేదు. గ్రైండర్ బిళ్ల తిరిగిన వంపు గీతలు మాత్రం మెరుస్తున్నాయి. ఫొటోలోని ఇంజిన్ మీద నంబరు స్పష్టంగా చదవగలిగేలా ఉన్నది. బాబాయి ఏమీ మాట్లాడకుండా చేతులు తుడుచుకుని, “దీన్ని మన షెడ్డులో ఉంచుకోవడమే ప్రమాదం బాబూ” అన్నాడు.

మర్నాడు ఫొటోలు, లేత్ షాపువారు రాసిచ్చిన కొలతలు పట్టుకుని దుకాణానికి వెళ్లాను. మొదట గుర్తుపట్టనట్టు నటించారు. చీటీ చూపించాక, పాత సామానుకు గ్యారంటీ ఉండదన్నారు. పగులు, బోరు సంగతి నేను వదులుకోవడానికి కూడా సిద్ధపడ్డాను. నా ముందు నడిపి చూపించిన ఇంజిన్ ఇవ్వండి, లేకపోతే నా డబ్బు నాకు ఇవ్వండి, నంబరు లేనిది నేను బండిలో పెట్టలేను అని మెల్లగానే చెప్పాను. అప్పటివరకు “మాస్టారూ”, “మీరు” అంటూ మాట్లాడిన మనిషి కుర్చీలోంచి లేవకుండానే, పనివాళ్లందరూ వింటుండగా, “ఏమయ్యా, నేను నీకు ఇంజిన్ అమ్మాను గానీ నంబరు అమ్మానా? ఇంటికి తీసుకుపోయి నంబరు నువ్వే అరగదీసి, నా మీదకు తెస్తున్నావేమో ఎవరికి తెలుసు” అన్నారు.

నేను నిలబడ్డచోటే నిలబడిపోయాను. నష్టపోయి వెళ్లిన నన్ను, దొంగ సామానుకు గుర్తులు చెరిపేవాడిగా నలుగురిలో నిలబెట్టారు. అక్కడ స్పానర్లు కడుగుతున్న కుర్రవాడు నా ముఖంలోకి చూడలేక తల దించుకున్నాడు. ఆ వయసు పిల్లలకే నేను రోజూ పాఠం చెబుతాను. గట్టిగా జవాబు చెప్పాలని నోటిదాకా వచ్చింది, కానీ గొంతు పెగలలేదు. బయటికి వచ్చి బస్సెక్కిన తర్వాత కూడా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

నంబరుకు ఇంత పట్టుదల ఎందుకని అడిగేవారి కోసం ఇది చెబుతున్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మనంతట మనం మార్చకూడదు. ఇంజిన్ మార్పును రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆర్సీలో ఎక్కించుకోవాలి. అక్కడ ఎక్కేది ఇంజిన్ నంబరే. పదిహేనేళ్లు దాటిన సొంత కార్లకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఉంటుంది కదా, ఆ తనిఖీలో అరగదీసిన బ్లాకు బయటపడితే బండి మొత్తం ఆగిపోతుంది. దొంగసొత్తు అని తెలిసీ దాన్ని దగ్గర ఉంచుకోవడం భారతీయ న్యాయ సంహిత 317 కింద నేరం. నంబరు చెరిగినదని నాకు ఇప్పుడు తెలుసు కాబట్టి, అది ఎక్కడిదో తేలకుండా నేను దాన్ని బిగించలేను, ఇంకొకరికి అమ్మనూ లేను.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉన్నది, 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. కానీ నా చేతిలో ఉన్నది తెల్ల చీటీ, యూపీఐ రసీదు, నాలుగు ఫొటోలు మాత్రమే. నంబరు చెరిపిన సంగతి రాతపూర్వకంగా పోలీసు స్టేషన్‌లో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను.

కొనబోయేవారు దయచేసి ఈ మాత్రం చేయండి. నంబరును మీ చేత్తో తుడిచి, ఫొటో తీసి, బిల్లులో అదే నంబరు రాయించి, ఇంజిన్ ఏ బండిలోంచి తీశారో ఆ ఆర్సీ నకలు చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. నడిపి చూసిన ఇంజిన్ బ్లాకు మీద మీ సొంత గుర్తు ఒకటి పంచ్‌తో కొట్టి, వీలైతే అప్పటికప్పుడే ఎక్కించుకుని రండి. ఇంటికి తెచ్చినది కడిగి, కొలిచి చూసుకునేవరకు మీ బండి రేకు కోయకండి.

పాత 1489 ఇంజిన్‌ను బాబాయి మళ్లీ విప్పుతున్నాడు, లైనర్లు (సిలిండర్లలో దించే కొత్త లోహపు గొట్టాలు) వేసి స్టాండర్డ్ సైజుకు తేవచ్చునేమో లేత్ షాపులో చూపిస్తామన్నాడు. ఇదే దుకాణంలో ఈ ఏడాది ఇంజిన్ కొన్నవారు ఉంటే, ఇంటికి వెళ్లగానే నంబరు ఉన్న చోట గ్రీజు తుడిచి చూడండి. మీదీ నా వంటిదే అయితే నాకు తెలియజేయండి, కమిషన్‌కు కలిసి వెళ్దాం.