చెవులున్న ఫిగర్ ఎయిట్: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

ఫిగర్ ఎయిట్ అంటే తాడుపై దిగేటప్పుడు రాపిడితో వేగాన్ని అదుపు చేసే, 8 అంకెలా ఒక పెద్ద వలయం, ఒక చిన్న వలయం ఉన్న లోహపు సాధనమని, తాడును అందులో ఎలా ఎక్కించాలో చెట్లెక్కేవారికి చెప్పనక్కరలేదు. నేను చెప్పదలచుకున్నది పెద్ద వలయానికి అటూ ఇటూ పొడుచుకొచ్చిన రెండు చెవుల గురించి. అవి లేని మామూలు ఎయిట్‌ను చాలాకాలం వాడి, దాని తేలికదనాన్ని, కదిలే భాగం ఒక్కటీ లేని నిర్మాణాన్ని అడిగినవారికీ అడగనివారికీ పొగిడినవాణ్ణి కనుక, ఈ సమీక్షలో దానిపై కాస్త కక్ష కనిపిస్తే పాఠకులు మన్నించాలి.

ఒకసారి ఆ మామూలు ఎయిట్‌తో ఒంటి తాడుపై దిగుతూ, విరిగి మిగిలిన ఒక లావుపాటి కొమ్మ మొద్దును దాటుతుండగా ఎయిట్ దాని అంచుకు ఆనుకుంది. మామూలు ఎయిట్‌లో తాడు రెండు వలయాల మధ్యనున్న మెడ చుట్టూ తిరిగి ఉంటుంది. ఆ మలుపును మొద్దు పైకి నెట్టగానే అది పెద్ద వలయం మీదుగా జారి, పైన ఉచ్చులా బిగుసుకుపోయింది. ఒంటి బరువంతా దానిపైనే పడటంతో తాడు అంగుళమైనా కదలలేదు. పడిపోయే భయం లేని మాట నిజమే గాని, నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీల హార్నెస్‌లో కదలకుండా వేలాడుతుంటే కాళ్లలో రక్తం నిలిచిపోతుంది కనుక అది తేలికగా తీసుకోదగ్గ స్థితి కాదు. నడుముకున్న అదనపు తాడుతో ఎయిట్‌కు పైన ప్రూసిక్ ముడి (బరువు పడితే తాడును బిగించి పట్టే రాపిడి ముడి) వేసి, దాని కొసను పాదానికి ఉచ్చుగా చేసుకుని, అందులో లేచి నిలబడ్డాక గాని ఎయిట్ మీది బరువు తగ్గలేదు. అప్పుడు ఆ మలుపును గోళ్లతో పీకి మళ్లీ మెడ మీదికి దించాను. తొడపట్టీకి కట్టిన ఆటోబ్లాక్ ముడి కింది తాడును పట్టి ఉంచకపోతే ఈ పనికి రెండు చేతులూ దొరికేవి కావు.

చెవులుంటే ఆ మలుపు పైకి లేచినా వాటి దగ్గరే ఆగిపోతుంది. చెవులున్న ఎయిట్‌కు మారిన తర్వాత ఎన్ని మొద్దులను రాసుకుంటూ దిగినా తాడు ఒక్కసారి కూడా అలా బిగుసుకోలేదు. మధ్యలో ఆగి పని చేసుకోవలసి వస్తే తాడును చెవులకు చుట్టి కట్టేయవచ్చు. దానికోసం కొనలేదు గాని, ఇప్పుడు నాకు ఎక్కువగా అక్కరకొస్తున్నది ఇదే.

అయితే రాపిడిని అదుపు చేసే భారం మాత్రం ఇప్పటికీ చేతిదే. పైన ఉన్నప్పుడు కింద వేలాడే తాడు బరువే బ్రేకు వేస్తుంది కనుక తాడును చేత్తో పైకి అందించవలసి వస్తుంది; నేల దగ్గరపడేకొద్దీ ఆ బరువు తగ్గి, అదే పట్టుతో వేగం పెరుగుతుంది. వేడి సంగతీ అంతే. 80 కిలోల మనిషి 20 మీటర్లు దిగితే దాదాపు 15,700 జౌళ్ల శక్తి రాపిడిలో ఖర్చయి, చాలావరకు వేడిగా మారుతుంది. నైలాన్ 6 సుమారు 220 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడుతుంది. అందుచేత వేగంగా జారివచ్చి, కాలిన లోహం తాడులో ఒకేచోట ఆనేలా హఠాత్తుగా ఆగడం మంచిది కాదు. చెవుల ఎయిట్‌లో లోహం ఎక్కువ కాబట్టి కాస్త నెమ్మదిగా వేడెక్కుతుంది, కాని ఒకప్పుడు నేను పొగిడిన తేలికదనం ఆ మేరకు పోయింది. తాడు మెలితిరగడం ఏమీ తగ్గలేదు, అల్యూమినియం అరిగి అరచేతులకు అంటే నలుపూ తగ్గలేదు.

పొడవైన నిటారు చెట్ల నుంచి, ఒంటి తాడుపై, పెద్దగా ఆగకుండా దిగే నాకు ఇది సరిపోయింది. రోజంతా కొమ్మల మధ్య ఎక్కుతూ దిగుతూ ఉండేవారికి రాపిడి ముడి గాని, చెయ్యి వదిలితే ఆగే యాంత్రిక సాధనం గాని ఎక్కువ నప్పుతుంది, ఎందుకంటే ఎయిట్‌తో దిగడమే తప్ప ఎక్కడం కుదరదు, చెయ్యి వదిలితే అది దానంతట అది ఆగదు. సన్నని తాడుపై దిగేవారు, నాకన్నా బరువైనవారు దీన్ని నేలకు దగ్గరగా, ఆటోబ్లాక్ వేసుకుని పరీక్షించిన తర్వాతే నిర్ణయించుకోవాలి.