చైనా పాత నవలల్లో విందులు: ఏది ముందు చదివితే మేలు?

తిండి సంగతుల కోసం చైనా పాత నవల చదవాలనుకునేవాళ్లు, ఒక పెద్ద కుటుంబం కథ చెప్పే ‘హోంగ్ లౌ మెంగ్’తో మొదలుపెట్టడమే మేలు. 1791లో అచ్చయిన ఈ నవలలో 38 నుంచి 41వ అధ్యాయం దాకా చదివితే చాలు, పెద్దింటి వంటిల్లు కళ్లకు కడుతుంది.

పీతల విందులో ఇంటి పెత్తనం చూసే కోడలు వాంగ్ శీఫెంగ్ అన్నీ ఒకేసారి తేనివ్వదు. ఆవిరి బుట్టలోనే ఉంచి, పదేసి చొప్పున తెమ్మంటుంది. పీత ఒంటికి చలవ చేస్తుందని వాళ్ల నమ్మకం, అందుకే అల్లం వేసిన వెనిగర్, వేడి మద్యం పక్కనే ఉండాలి. ఆ ఇంట్లో ఉండే, ఒంట్లో అంతంతమాత్రంగా ఉండే అమ్మాయి దాయ్‌యూ కాస్త తినగానే గుండెల్లో నొప్పిగా ఉందని వేడి సారా అడుగుతుంది. ఆ రోజే కబుర్లలో పల్లె నుంచి వచ్చిన లియు అవ్వ లెక్క కడుతుంది: పీతలు జిన్ (అర కిలో పైచిలుకు తూకం) ఐదు ఫెన్లు, మద్యం, వంటకాలు కలిపితే ఇరవై లియాంగ్‌ల వెండి పైమాటే (లియాంగ్ వెండి తూకం, ఫెన్ అందులో నూరో వంతు). రైతు కుటుంబం ఏడాది బతికే డబ్బు! కొనలేని మనిషి చేత ధర చెప్పించడం నాకు ఈ నవలలో అన్నిటికన్నా నచ్చిన పని.

ఇక 41లో వంకాయ. తొక్క తీసి, సన్నగా తరిగి, కోడి కొవ్వులో వేయించాలి. కోడి మాంసం, పుట్టగొడుగులు, లేత వెదురు మొలకలు, ఎండు పళ్లు కలిపి కోడి రసంలో ఇగరబెట్టి, నువ్వుల నూనె పోసి, పింగాణీ జాడీలో మూత బిగించాలి. కొలతలు, సమయం చెప్పలేదు కాబట్టి దీన్ని పట్టుకుని వండబోతే చిక్కే. వంకాయ కొవ్వంతా పీల్చేస్తుంది, తడి మిగిలితే జాడీలో పాడవుతుంది.

అసలు వంట చేయి చూడాలంటే ‘జిన్ పింగ్ మెయ్’ దీనికన్నా మేలు. 23వ అధ్యాయంలో ఆడవాళ్లు పందెం డబ్బు ఐదు చియాన్‌లలో (చియాన్ అంటే లియాంగ్‌లో పదో వంతు) మూడింటికి జిన్‌హువా మద్యం, రెండింటికి పంది తల, నాలుగు కాళ్లు తెప్పిస్తారు. ఇంట్లో పనివాడి భార్య సోంగ్ హుయ్‌లియన్ సోయా సాస్, సోంపు, మసాలా పట్టించి, తగరపు గిన్నెలో మూత గట్టిగా బిగించి, ఒక్క కట్టెతో రెండు గంటల్లోపే మెత్తగా ఉడికిస్తుంది. ఆవిరి బయటికి పోదు, కిటుకంతా అదే. పచ్చి శృంగారం మాత్రం బాగా ఎక్కువ, పిల్లల చేతికివ్వకండి.

తిరుగుబాటు వీరుల కథ ‘షుయ్‌హు జువాన్’లో వంట తక్కువ, తూకం ఎక్కువ: పులిని చంపబోయే ముందు వూ సోంగ్ అనే వీరుడు జిన్‌ల లెక్కన గొడ్డు మాంసం తెప్పించుకుంటాడు. కథ జరిగే సోంగ్ రాజవంశ కాలంలో దున్నే ఎడ్లను కోయడం నేరం, కాబట్టి ఆ పళ్లెమే చట్టానికి ఎదురు తిరిగినట్టు. వీరుల తిండి కావాలంటే సరే, రుచి కోసమైతే దీన్ని చివరికి ఉంచుకోండి.

‘హోంగ్ లౌ మెంగ్’ మళ్లీ తెరిచినప్పుడు 75వ అధ్యాయం వదలొద్దు. కరువులు, వరదలతో పొలాల నుంచి రావలసిన బియ్యం రాదు. అదే ఇంట్లో పెద్దావిడ తినే మేలురకం అన్నం ఒక్క మనిషికి కూడా అదనంగా ఉండదు, కోడలికి మామూలు తెల్లన్నం వడ్డిస్తారు.