చీమకుర్తి ఆఫీసుకి కలర్ లేజరా, ఇంక్ ట్యాంకా?

చీమకుర్తి గ్రానైట్ ఆఫీసంటే నలుగురైదుగురు పొద్దస్తమానం ఇన్‌వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు, కొటేషన్లు తీస్తూనే ఉంటారు. అలాంటి చోటికి నెట్‌వర్క్ ఉన్న కలర్ లేజర్ ప్రింటరే సరైందని నా అభిప్రాయం.

కొనేటప్పుడు ట్యాంకులో ద్రవ ఇంకు పోసి వాడే ఇంక్ ట్యాంక్ ప్రింటరే చవక, పేజీ ఖర్చూ తక్కువే. కలర్ లేజరుకి నలుపు, సయాన్, మెజెంటా, పసుపు అని నాలుగు టోనర్లు (రంగు పొడి డబ్బాలు). అన్నీ ఒకేసారి అయిపోతే బిల్లు గట్టిగానే తగులుతుంది. కొత్త ప్రింటరుతో వచ్చే టోనరు చాలా మోడళ్లలో నిండుగా ఉండదు, షాపులో అడిగి తెలుసుకోండి.

అయినా లేజరే ఎందుకంటే, టోనరు పొడి. పండగ సెలవులకి తాళం వేసి వెళ్లినా ఎండిపోదు. ఇంక్ ట్యాంకుని వాడకుండా వదిలేస్తే నాజిళ్లు (ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు) పూడుకుపోతాయి, శుభ్రం చేసిన ప్రతిసారీ ఇంకు వృథా. లేజరు పొడిని వేడితో కరిగించి కాగితానికి పట్టిస్తుంది గనక లారీ డ్రైవరు చేతిలో బిల్లు చెమటకి తడిసినా అక్షరం చెదరదు.

వైఫై ఉంది కదా అని సరిపెట్టుకోకుండా ఈథర్నెట్ పోర్టు (నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే చోటు) ఉన్నదే తీసుకోండి. కేబుల్ రౌటరుకి తగిలించి, ప్రింటరుకి మారని ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు) ఇస్తే, కంప్యూటరుకి ప్రింటరు దొరక్క వచ్చే ‘ఆఫ్‌లైన్’ గొడవ చాలావరకు తీరుతుంది.

లేజరు వేడెక్కేటప్పుడు కరెంటు ఒక్కసారిగా బాగా లాగుతుంది, కంప్యూటరు యూపీఎస్‌కి పెట్టొద్దు. ఇంక్ ట్యాంకుకి ఆ బెడద లేదు.

బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ పలకల్లోని బంగారు చుక్కలు కాగితం మీద మెరవాలంటే మాత్రం ఫొటో పేపరు, ఇంక్ ట్యాంకే. ఇంక్ ట్యాంకుకి వాడే ఆ ఫొటో పేపర్ని లేజర్లో పెట్టకండి, పూత కరిగి ఫ్యూజరుకి (పొడిని కరిగించే వేడి భాగానికి) అంటుకుంటుంది.