తొమ్మిదేళ్ల రీలోడింగ్: నా టూ-సెవెంటీ రైఫిల్‌కి చివరికి మిగిలిన గుండు, పౌడర్

రీలోడింగ్ అంటే కాల్చేసిన ఇత్తడి (బ్రాస్) కేసులో కొత్త ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న మూత), పౌడర్, గుండు పెట్టి ఇంట్లోనే మళ్లీ తూటా చేసుకోవడం. గ్యారేజీలో పాత డైనింగ్ టేబుల్‌కి ఆ పని చేసే ప్రెస్ బిగించి, ముందు చిన్న త్రాసు పెట్టుకుని కూర్చున్న నన్ను చూసి మా నాన్న అన్న మాట: "ఏంట్రా, కంసాలి కొట్టు పెట్టావా?" తప్పేం లేదు. కంసాలి గురిగింజల లెక్కన తూచినట్టే ఇక్కడ పౌడర్‌ని గ్రెయిన్లలో తూస్తాం. పౌండుకి 7,000 గ్రెయిన్లు. చలికాలంలో హీటర్ ఫ్యాన్ తిరిగితే చాలు, త్రాసు ముల్లు వణుకుతుంది. అది ఆగేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలి.

నేనుండేది ఉత్తర కొలరాడోలో. గంటలోపే వయోమింగ్ సరిహద్దు. లాటరీలో ట్యాగ్, అంటే వేట అనుమతి, తగిలిన ఏడు జింకలాంటి ప్రాంగ్‌హార్న్‌కో, మ్యూల్ డీర్ అనే జింకకో వెళ్తాను. ప్రాంగ్‌హార్న్‌ని ఇక్కడ అందరూ యాంటిలోప్ అనే అంటారు గానీ అది అసలు యాంటిలోప్ కాదు, దాని కుటుంబంలో మిగిలిన జాతి అదొక్కటే. ఫోటో పంపినప్పుడల్లా ఊళ్లో చుట్టాలు "కృష్ణజింకని కొట్టావా, జైల్లో వేస్తార్రా" అని కంగారు పడతారు. నిజమే, ఇండియాలో అయితే 1972 వన్యప్రాణి చట్టం ఊరుకోదు. ఇక్కడ కోర్సు పాసై, ట్యాగ్ కొనుక్కుని, నారింజరంగు చొక్కా తొడుక్కుని చేసే పని ఇది.

రైఫిల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, టూ-సెవెంటీ వించెస్టర్. ఈ తూటా 1925లో వచ్చింది. క్రీడ్‌మోర్ అనే కొత్త తూటా మోజులో ఉన్న కుర్రాళ్లు దీన్ని తాతల నాటి సరుకని నవ్వుతారు. నవ్వనీండి. 130 గ్రెయిన్ల గుండు సెకనుకి మూడు వేల అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 200 గజాలకి జీరో చేసి (గురి సరిచేసి) పెట్టుకుంటే 300 గజాల దగ్గర ఆరేడు అంగుళాలే దిగుతుంది. మైదానంలో అంతకన్నా దూరం నేను కాల్చను.

డబ్బు మిగులుతుందని రీలోడింగ్ మొదలుపెట్టేవాళ్లకి ముందే చెప్తున్నా, మిగలదు. తూటా ఒక్కటి చవకే, కానీ ఎక్కువ కాలుస్తాం. 2020 తర్వాత ప్రైమర్ల ధరలు చూశాక ఆ చవక మాట కూడా ఎత్తడం మానేశాను.

ఇక గుండ్లు. నేను నేర్చుకున్నదంతా ఇక్కడే.

మొదటి రెండేళ్లు ఒక పేరున్న కంపెనీ గుండ్లు వాడాను. రాగి తొడుగు, లోపల సీసం, ముందు ప్లాస్టిక్ మొన. షూటింగ్ రేంజిలో ముచ్చటగా ఉండేవి. వంద గజాల దగ్గర మూడు గుండ్లూ రూపాయి బిళ్ల కింద దాగేవి. ఆ టార్గెట్ కాగితాలు ఫ్రిజ్ మీద అంటించుకున్నాను కూడా. ఆ అక్టోబర్లో ఒక ప్రాంగ్‌హార్న్ దొరికింది, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌లో 110 గజాలు. ముళ్లకంచె దగ్గర ఆగింది. ఇవి గంటకి 90 కిలోమీటర్ల దాకా పరిగెత్తగలవు గానీ కంచె దూకవు, దూడల్లా కిందనుంచి దూరతాయి. అలా దూరబోతూ తల ఎత్తింది. గుండు జబ్బ ఎముక మీద తగిలింది. జంతువు అక్కడే పడిపోయింది, బాధపడలేదు. ఆ మాటకొస్తే గుండు తన పని చేసింది.

తోలు తీశాక తెలిసింది. ఆ వైపు జబ్బంతా నల్లద్రాక్ష జెల్లీలా ఉంది. వేలు పెడితే ఎముక పెంకులు, రాగి రేకులు. ఎదుటి జబ్బలోకీ నెత్తురు పాకింది. ప్రాంగ్‌హార్న్ మన పొట్టేలు కంటే కాస్త పెద్దదంతే, మగది యాభై కిలోలకి అటూ ఇటూ. అందులో రెండు జబ్బలు పోతే ఇంటికి తెచ్చేదేముంది? ఆ గుండు చెడ్డదని అనను. 250 గజాల దగ్గర, పక్కటెముకల వెనక తగిలితే బాగానే పనిచేసి ఉండేది. దగ్గర్లో, ఆ వేగంతో, ఎముక మీద దానికి తగని పని చెప్పాను.

పక్కింటి పెద్దాయన ఒకాయన, డెబ్బై దాటాయి, ఈ విద్య నాకు నేర్పింది ఆయనే. ఫ్రిజ్ మీది కాగితాలు చూసి ఒక్కటే అడిగాడు, కాగితం వండుకుంటావా అని. మర్నాడు ఒక డబ్బా నాస్లర్ పార్టిషన్ గుండ్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

పార్టిషన్ వెనక కథ ఉంది. 1946లో జాన్ నాస్లర్ అనే ఆయన కెనడాలో మూస్‌ని కొడితే గుండ్లు పైపైనే పగిలిపోయి లోపలికి దిగలేదట. దాంతో ఆయన గుండు మధ్యలో రాగి గోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెదరకుండా లోపలికి పోతుంది. రేంజిలో ఇవి నా రైఫిల్లో పెద్ద అందంగా ఏమీ పడలేదు, గుండ్ల మధ్య అంగుళంన్నర ఎడం. మూడు సీజన్లు వీటితోనే వెళ్లాను, మూడు జింకలు తెచ్చాను. మూడింటిలోనూ గుండు అవతలికి వెళ్లిపోయింది, జబ్బలు దక్కాయి. ఇక వెతకడం అయిపోయిందనుకున్నాను.

అప్పుడు మా ఆవిడ ఏదో చదివింది. 2008లో నార్త్ డకోటాలో, పేదలకి దానమిచ్చిన జింక ఖీమాలో సీసం ముక్కలు బయటపడి, దాన్ని పంచొద్దని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పిన సంగతి. కంటికి కనిపించని రవ్వలు గాయానికి చాలా దూరం చెదురుతాయి. "ఏవండీ, గోంగూర వేసి మీకెంతైనా వండి పెడతాను. పిల్లల కంచంలో మాత్రం ఇది వెయ్యను" అంది. నేను వాదించలేదు. వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు కూడా. పార్టిషన్‌ది ముందు సగం సీసమే కదా.

అలా సీసం లేని, మొత్తం రాగి గుండ్లకి వచ్చాను, బార్న్స్ కంపెనీ టీటీఎస్‌ఎక్స్. బే ఏరియా మిత్రులకి ఇది కొత్త కాదు. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకి సీసం గుండ్లు ఎక్కడా వాడకూడదు. వేటగాళ్లు వదిలేసిన పేగులు తిని కాండోర్ పక్షులు సీసం విషంతో చచ్చిపోవడం అందుకు పెద్ద కారణం.

రాగి గుండ్లతో మొదటి నెల నాకు చుక్కలు కనిపించాయి. వంద గజాల దగ్గర గుండ్లు పడిన చోట్లు అరచేతంత గుంపు. తప్పు నాదే. సీసం గుండ్ల అలవాటుతో, గొట్టంలో మెలికల గాడులకి దాదాపు ఆనేలా కూర్చోబెట్టాను. రాగి గుండుకి ఖాళీ కావాలి. బార్న్స్ వాళ్లు అంగుళంలో వెయ్యో వంతులు 50 వెనక్కి పెట్టి మొదలుపెట్టమంటారు. అలా పెట్టాక గుంపు అంగుళానికి వచ్చింది. ఇంకోటి, సీసం కంటే రాగి తేలిక కాబట్టి అదే బరువుకి గుండు పొడవవుతుంది, కేసులో పౌడర్‌కి చోటు తగ్గుతుంది. అందుకే రాగిలో బరువు ఒక మెట్టు దిగమంటారు. టూ-సెవెంటీకి 110 గ్రెయిన్లది కూడా ఉంది. నేను 130 మానలేదు, మొండితనం అనుకోండి. ఇది వేగం మీద విచ్చుకునే గుండు, కాబట్టి దూరం మరీ ఎక్కువైతే నమ్మలేం. నా 300 గజాల హద్దుకి ఆ బెడద లేదు.

దీనితో కొట్టిన జింకల్లో గుండు దారి పక్కన రెండు వేళ్ల మేర తీసేస్తే మిగతాదంతా శుభ్రమైన మాంసం. కాకపోతే జింక ఎప్పుడూ అక్కడికక్కడే పడదు. ఊపిరితిత్తుల్లోంచి వెళ్తే యాభై అరవై గజాలు పరిగెత్తి పడిన సందర్భాలున్నాయి. అందుకే కాల్చిన చోటునీ, అది వెళ్లిన దిక్కునీ కంటితో పట్టి ఉంచుకోవాలి. సీజన్ అయ్యాక గొట్టంలో పేరుకున్న రాగిని ఓపిగ్గా కడగాలి.

పౌడర్ సంగతికొస్తే, జనం గుండు కంటే దీని గురించే ఎక్కువ కొట్టుకుంటారు. టూ-సెవెంటీకి నిదానంగా కాలే పౌడర్ కావాలి, 4350 నుంచి 4831 దాకా అంకెలున్న రకాలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 20 మిల్లీమీటర్ల ఫిరంగి తూటాల కోసం చేసి మిగిలిపోయిన పౌడర్‌ని బ్రూస్ హాడ్జ్‌డన్ కొని చవగ్గా అమ్మాడు. 4831 అలా జనంలోకి వచ్చింది. దానికీ ఈ తూటాకీ అప్పట్నుంచే జోడీ.

ఒక్క జాగ్రత్త. హాడ్జ్‌డన్ వాళ్ల హెచ్ 4831, ఐఎంఆర్ అనే ఇంకో బ్రాండ్ 4831 ఒకటి కావు. అంకె ఒకటే గానీ ఐఎంఆర్‌ది కాస్త త్వరగా కాలుతుంది. ఒకదాని లెక్క చూసి ఇంకోటి పోస్తే ప్రెషర్ ఎక్కడికి పోతుందో తెలియదు. నా బల్ల మీద ఎప్పుడూ ఒకే పౌడర్ డబ్బా ఉంటుంది, రెండోది అల్మారాలో తాళం వేసి. ఎన్ని గ్రెయిన్లు పోస్తావని అడగొద్దు, చెప్పను. మీ గొట్టం వేరు, మీ బ్రాస్ వేరు. పౌడర్ కంపెనీ ఇచ్చే లెక్కల్లో మీ గుండు పేరు చూసి, కింది అంకె నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రండి.

నాకు బుద్ధి వచ్చింది నాలుగో ఏట. వేగం బాగా ఇస్తుందని విని వేరే పౌడర్ ఒకటి తెచ్చాను, పేరు వద్దులెండి. ఫిబ్రవరిలో, చుట్టూ మంచున్నప్పుడు, దానితో లోడ్ తయారుచేశాను. క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచేది) అంకెలు చూసి మురిసిపోయాను. అవే తూటాలు జూలైలో రేంజికి తీసుకెళ్లాను. బల్ల మీద ఎండలో అరగంట ఉన్నాయేమో. రెండో తూటాకి రైఫిల్ బోల్ట్ పిడి లేవలేదు. అరచేత్తో కొడితే వచ్చింది. కేసు అడుగున ప్రైమర్ పెనం మీద ఒత్తినట్టు చదునైపోయింది, అంటే ప్రెషర్ మితిమీరిందన్నమాట. మిగతావి పెట్టెలో సర్దేసి ఇంటికొచ్చాను. ఆ సాయంత్రం పద్దెనిమిది తూటాలు సుత్తి పుల్లర్‌తో ఒక్కొక్కటీ ఊడదీస్తూ కూర్చున్నాను. కొన్ని పౌడర్లు చలిలో ఒకలా, ఎండలో ఇంకోలా కాలతాయి. చదివాను, తెలుసు, అయినా నా దాకా వచ్చేసరికి పట్టించుకోలేదు. యాంటిలోప్ మైదానంలో తెల్లారి గడ్డి మీద మంచు, మధ్యాహ్నం చొక్కా తడిసే ఎండ. ఇక్కడ పనికొచ్చేది వాతావరణానికి పెద్దగా చలించని పౌడర్.

అందుకే హెచ్ 4831 ఎస్‌సీకి తిరిగొచ్చేశాను. పొట్టి ముక్కలు కాబట్టి కొలత పాత్రలోంచి బాగా జారుతుంది. కేసు దాదాపు నిండుతుంది, పొరపాటున రెండుసార్లు పోస్తే పొర్లి బల్ల మీద పడుతుంది, వెంటనే తెలిసిపోతుంది. సెకనుకి ఎనభై అడుగులు తగ్గింది. ఆ తేడా ఏ జింకకీ తెలియలేదు. ఉన్న ఇబ్బందల్లా దొరక్కపోవడం. ఒక ఏడాది మూడు ఊళ్లు తిరిగినా డబ్బా కనపడలేదు. ఇప్పుడు కనపడినప్పుడు ఒకే లాట్ నంబర్‌వి రెండు కొంటాను. లాట్ మారితే మళ్లీ కిందినుంచి మొదలుపెట్టాలి కాబట్టి.

పార్టిషన్లు ఇంకా ఇరవై చిల్లర ఉన్నాయి, పెద్దాయనకి తిరిగిచ్చేశాను. ప్లాస్టిక్ మొనవి కాగితం మీద కాల్చుకుంటున్నా. ఆ వేగం పౌడర్ డబ్బాలో మిగిలిన సగాన్ని ఏం చేయాలో చాలా రోజులు తోచలేదు. అందులో నత్రజని ఉంటుందని, పల్చగా చల్లితే గడ్డికి మంచిదని పెద్దాయనే చెప్పాడు. పెరట్లో చల్లాను, ఆ మూల గడ్డి ముదురుపచ్చగా వచ్చింది. మా ఆవిడ తన కరివేపాకు కుండీ దగ్గరికి మాత్రం నన్ను రానివ్వలేదు.