టవర్ కూలరా, లిక్విడ్ కూలరా: మన ఎండలకు ఏది మేలు?

మే నెలలో రెంటచింతల, రామగుండం వైపు బయట 45 డిగ్రీల ఎండ కాస్తుంటే, ఏసీ లేని గదిలో 38 డిగ్రీలైనా ఉంటుంది. కొత్తగా డెస్క్‌టాప్ అసెంబుల్ చేసుకునేవారు ప్రాసెసర్ మీద టవర్ కూలర్ (రాగి పైపులు, రేకుల దొంతర, ఫ్యాను ఉన్నది) పెట్టాలా, లిక్విడ్ కూలర్ (పంపుతో ద్రవాన్ని తిప్పేది) పెట్టాలా అని అడిగితే, బడ్జెట్ గురించి మాట్లాడకముందే ఆ కంప్యూటర్ ఏ గదిలో ఉంటుందో అడుగుతాను. సగం జవాబు అక్కడే తేలిపోతుంది.

లెక్క చిన్నదే. కూలర్ ఏ రకమైనదైనా దాని పని ఒక్కటే: ప్రాసెసర్‌లో పుట్టిన వేడిని గది గాలిలోకి చేరవేయడం. ప్రాసెసర్ ఎన్ని వాట్లు వాడుతోంది, కూలర్‌కు ఎంత సత్తా ఉంది అన్నవి రెండూ కలిసి, గది గాలి కంటే ప్రాసెసర్ ఎన్ని డిగ్రీలు పైన నిలుస్తుందో నిర్ణయిస్తాయి. గది వేడెక్కితే ఆ అంకె మొత్తంగా పైకి జరుగుతుంది. చలిదేశాల్లో కూలర్లను పరీక్షించేవారి గదులు సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటాయి. అక్కడ 23 డిగ్రీల గదిలో 75 చూపిన ప్రాసెసర్, అదే కూలర్‌తో అదే పని చేస్తూ మన 38 డిగ్రీల గదిలో 90 చూపుతుంది. రైజెన్ 7 7800ఎక్స్3డి ప్రాసెసర్‌కు తయారీదారు పెట్టిన హద్దు 89 డిగ్రీలు. రైజెన్ 9 7950ఎక్స్‌కు 95, కోర్ ఐ9-14900కెకు 100. హద్దును తాకినంత మాత్రాన ప్రాసెసర్ కాలిపోదు, వేగం తగ్గించుకుని తనను తాను కాపాడుకుంటుంది. కానీ మనం డబ్బు పెట్టి కొన్నది ఆ వేగాన్నే కదా.

లిక్విడ్ కూలర్ అనే పేరు వినగానే చాలామంది మరో పొరపాటు పడతారు. మన ఇళ్లలో కూలర్ అంటే తడి తడికల గుండా చల్లటి గాలి వదిలే పెట్టె. కుండలో నీళ్లు చల్లబడటం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. ఆ రెండు చోట్లా నీరు ఆవిరై బయటకు పోతూ తనతో వేడిని తీసుకుపోతుంది, అందుకే గది కంటే చల్లగా మారుతుంది. కంప్యూటర్ లిక్విడ్ కూలర్‌లో ద్రవం మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది, ఆవిరై పోయే దారి లేదు. గదిలో 38 ఉంటే ఆ ద్రవం 38 కంటే కిందికి దిగదు. నీళ్లు ఉన్నాయి కాబట్టి చల్లదనం ఎక్కువన్న నమ్మకంతో ఎవరూ డబ్బు ఖర్చు పెట్టవద్దు.

నిజానికి టవర్ కూలర్‌లోనూ నీరు ఉంటుంది. దాని రాగి హీట్ పైపుల్లోంచి గాలిని తీసేసి, కొద్దిపాటి ద్రవం, ఎక్కువగా నీరే, నింపి మూసేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి ప్రాసెసర్ వేడికే ఆ నీరు ఆవిరవుతుంది. ఆవిరి పైకి వెళ్లి రేకుల దగ్గర తన వేడిని వదిలి మళ్లీ నీరై, పైపు లోపలి గోడకున్న సన్నటి రంధ్రాల పొర గుండా కిందికి చేరుతుంది. ఇడ్లీ పాత్రలో ఆవిరి మూతకు తగిలి చుక్కలై మళ్లీ అడుగుకు రాలినట్లే. ఈ ప్రయాణాన్ని నడపడానికి మోటారు లేదు, పంపు లేదు. కదిలే భాగం బయట తగిలించిన ఫ్యాను ఒక్కటే. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ ఈ హీట్ పైపును చేసి చూపించాడు. మన మేజా కింద పెట్టెలో అదే సూత్రం ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పనిచేస్తోందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

లిక్విడ్ కూలర్ వేడిని మరోలా మోస్తుంది. ప్రాసెసర్ మీద రాగి పలక, సాధారణంగా దాని మీదే చిన్న పంపు, అక్కడి నుంచి రెండు గొట్టాలు, ఆ చివర రేడియేటర్. 240 అంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, 360 అంటే మూడు. రేడియేటర్‌ను క్యాబినెట్ అంచున బిగిస్తాం, పైభాగాన బిగిస్తే వేడి నేరుగా బయటకు పోతుంది. అది దాని అసలు బలం. రెండో బలం కొంత మోసపు బలం. ద్రవం వేడెక్కడానికి సమయం పడుతుంది. పెళ్లి గుండిగలో నీళ్లు చిన్న గిన్నెలో నీళ్లంత త్వరగా కాగవు కదా. అందువల్ల మొదటి కొన్ని నిమిషాలు లిక్విడ్ కూలర్ అంకెలు ఎంతో అందంగా కనిపిస్తాయి. ద్రవం పూర్తిగా వేడెక్కాక, అంటే అరగంట తర్వాత, ఏ అంకె దగ్గర నిలిచిందో అదే నిజం. పది నిమిషాల్లో ముగిసిన పరీక్షను చూసి కొనవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇక మీ ప్రాసెసర్ సంగతి. కోర్ ఐ5-12400, రైజెన్ 5 7600 లాంటివి 65 వాట్ల తరగతి. కాసేపు వేగం పెంచుకున్నప్పుడు మొదటిది 117 వాట్ల దాకా, రెండోది 88 వాట్ల దాకా తీసుకుంటాయి. పెట్టెతో పాటే కూలర్ వస్తుంది. వేసవిలో ఆ చిన్న కూలర్ గోల భరించలేకపోతే నాలుగు హీట్ పైపులున్న ఒంటి టవర్, ఉదాహరణకు డీప్‌కూల్ ఏకే400 లాంటిది, పెడితే చాలు. వీటికి లిక్విడ్ కూలర్ కొనడం వృథా ఖర్చు. ఆ మిగిలిన డబ్బుతో ర్యామ్ 16 జీబీ నుంచి 32కు పెంచుకోండి, లేదా ముందు భాగాన గాలి ఆడే జాలీ ఉన్న మంచి క్యాబినెట్ కొనండి.

ఆటల కోసం 7800ఎక్స్3డి తీసుకునేవారిదీ దాదాపు ఇదే కథ. దాని మీద 120 వాట్లని రాసి ఉన్నా, చాలా ఆటల్లో అది 80 వాట్లు కూడా దాటదు. ఆరు హీట్ పైపుల జంట టవర్ (రెండు రేకుల దొంతరలున్నది), ఏకే620 గానీ థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 గానీ, నిశ్చింతగా మోస్తుంది. ఇలాంటి మంచి జంట టవర్, సగటు 240 లిక్విడ్ కూలర్ దాదాపు సమానమని పరీక్షల్లో పదే పదే తేలింది. ధరలో మాత్రం సమానం కావు. ఇక్కడ మరో విషయం గమనించాలి. రైజెన్ 7000 ప్రాసెసర్లలో కోర్లున్న సిలికాన్ ముక్క సుమారు 71 చదరపు మిల్లీమీటర్లే. వేలి గోరంత చోటులో అంత వేడి పుడితే, అది పై మూత దాటి కూలర్‌ను చేరడమే అసలు ఇబ్బంది. దాని మీద ఎంత ఖరీదైన రేడియేటర్ పెట్టినా తగ్గేది కొద్ది డిగ్రీలే.

లిక్విడ్ కూలర్‌కు నిజంగా పని ఉన్నది గంటల తరబడి 200 వాట్లు దాటించే పనుల్లో. 7950ఎక్స్ పూర్తి బరువు మీద 230 వాట్ల దాకా, 14900కె 253 వాట్ల దాకా తీసుకుంటాయి. త్రీడీ బొమ్మల రెండరింగ్, పెద్ద సాఫ్ట్‌వేర్ కంపైల్ చేయడం, రాత్రంతా వీడియోలు మార్చడం మీ వృత్తి అయితే 360 కొనండి. అప్పుడు కూడా నేను ముందుగా మరో మాట చెబుతాను. 7950ఎక్స్‌లో వాట్లు తగ్గించి నడిపే ఎకో మోడ్ అని ఒకటుంది. దాన్ని 105 వాట్ల తరగతికి దించితే వేడి బాగా తగ్గుతుంది, పని వేగంలో కోల్పోయేది స్వల్పం. చివరి కొద్దిపాటి వేగం కోసమే ఈ ప్రాసెసర్లు అంత కరెంటు మింగుతాయి. కోర్ ఐ9లలోనూ బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) వాట్ల హద్దు పెట్టుకోవచ్చు. ఈ మార్పుకు పైసా ఖర్చు లేదు. ఇది చేసి వారం రోజులు వాడి చూశాక కూడా 360 కావాలనిపిస్తే అప్పుడు కొనండి.

నేను ఇంత గట్టిగా టవర్ వైపు నిలబడటానికి ఒక వేసవి కారణం. 2019లో కట్టుకున్న నా యంత్రానికి ఎంతో ఇష్టపడి 240 లిక్విడ్ కూలర్ పెట్టుకున్నాను. మూడు వేసవులు చక్కగా నడిచింది. నాలుగో వేసవిలో ఒక మధ్యాహ్నం, మర్నాటికి ఇవ్వాల్సిన వీడియో ఎగుమతి సగంలో ఉండగా, వేడి నిమిషంలోపే 100ను తాకింది. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. పంపు మీద చెయ్యి పెడితే ఎప్పుడూ తగిలే సన్నటి అదురు లేదు. ఒక గొట్టం బాగా వేడిగా, రెండోది చల్లగా ఉంది. పంపు ఆగిపోయిందని అర్థమైంది. వారంటీ ఉంది, పంపించాను. కానీ బదులు వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఈలోగా స్నేహితుడి దగ్గరున్న పాత పెట్టె కూలర్ తెచ్చి బిగించి, వాట్లు సగానికి తగ్గించుకుని పని గడిపాను. ఆ మూడు వారాలు నా సంపాదన దెబ్బతింది.

టవర్ కూలర్‌లో చెడేది ఫ్యాను. అది ఆగినా రేకులు కొంత వేడిని వదులుతూనే ఉంటాయి, క్యాబినెట్ ఫ్యాను గాలి కొంత ఆదుకుంటుంది, ఆ సాయంత్రమే వీధి చివరి దుకాణంలో 120 మిల్లీమీటర్ల ఫ్యాను కొని తగిలించుకోవచ్చు. లిక్విడ్ కూలర్‌లో పంపు ఆగితే మొత్తం ఆగినట్లే. పంపు బాగున్నా, ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గొట్టాల గోడల గుండా ద్రవం అతి మెల్లగా ఇంకిపోతుంది. లోపల గాలి బుడగ పెరుగుతుంది. చాలా మోడళ్లలో తిరిగి నింపుకునే వీలు ఉండదు. కొందరు తయారీదారులు ఐదారేళ్ల వారంటీ ఇస్తున్నారు, కొనేటప్పుడు ధర కంటే ముందు అది చూడండి. జిల్లా కేంద్రాల్లో, మండలాల్లో ఉండేవారికి ఇది ఇంకా ముఖ్యం. హైదరాబాద్‌లో ఉంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి ఆ పూటకు ఏదో ఒకటి తెచ్చుకోవచ్చు. భద్రాచలంలోనో మదనపల్లెలోనో ఉన్నవారికి కొరియర్ వచ్చేదాకా యంత్రం మూలన పడి ఉంటుంది.

దుమ్ము గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. రేడియేటర్ రేకుల సందులు ఇరుకు, త్వరగా పూడుకుంటాయి. టవర్ రేకులకు మెత్తటి బ్రష్షు చాలు. దేన్నైనా రెండు నెలలకోసారి శుభ్రం చేయాలి. బ్లోయర్‌తో గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకుని ఆపండి, విపరీతంగా తిరగనివ్వవద్దు.

టవర్‌కూ ఇబ్బందులున్నాయి, దాచడం న్యాయం కాదు. నాక్టువా ఎన్‌హెచ్-డి15 ఫ్యాన్లతో కలిపి 1.3 కిలోల బరువు, ఎత్తు 165 మిల్లీమీటర్లు. మీ క్యాబినెట్ ఎంత ఎత్తు కూలర్‌ను పట్టిస్తుందో పెట్టె మీద చూసుకోకుండా కొంటే పక్క తలుపు మూసుకోదు. ఎత్తైన ర్యామ్ పలకలకు ముందు ఫ్యాను అడ్డం రావచ్చు. ఇల్లు మారేటప్పుడు ఇంత బరువును మదర్‌బోర్డు మీద నిలువునా వేలాడదీసి లారీలో పంపకూడదు, విప్పి విడిగా పెట్టుకోవాలి. తరచూ ఊళ్లు మారే ఉద్యోగులకు ఈ ఒక్క విషయంలో లిక్విడ్ కూలర్ సుఖం. చిన్న క్యాబినెట్లలో పెద్ద టవర్ పట్టని చోట కూడా దానిదే పైచేయి.

చప్పుడు విషయంలో తీర్పు మనిషిని బట్టి మారుతుంది. నిండు బరువు మీద 360 ఫ్యాన్లు మెల్లగా తిరుగుతూ సరిపెడతాయి. ఏ పనీ లేనప్పుడు మాత్రం టవర్ దాదాపు వినపడదు, లిక్విడ్ కూలర్ పంపు సన్నటి ఝుమ్మనే చప్పుడు రాత్రిపూట చెవికి తగులుతుంది. గొంతు రికార్డు చేసేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

అన్నీ విన్నాక లిక్విడ్ కూలరే కావాలనుకుంటే, బిగించడంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. మొత్తం వ్యవస్థలో పంపు అన్నింటికంటే ఎత్తున ఉండకూడదు. లోపలి గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది, అది పంపులో చేరితే గరగరమంటూ త్వరగా అరిగిపోతుంది. రేడియేటర్‌ను క్యాబినెట్ పైభాగాన బిగిస్తే ఈ సమస్య రాదు. కానీ అక్కడ గ్రాఫిక్స్ కార్డు వదిలిన వేడి గాలే రేడియేటర్ గుండా బయటకు పోతుంది. ఆర్‌టీఎక్స్ 4070 ఒక్కటే 200 వాట్ల దాకా వదులుతుంది. ముందు భాగాన బిగిస్తే ప్రాసెసర్‌కు తాజా గాలి అందుతుంది, గ్రాఫిక్స్ కార్డు కొంచెం వేడెక్కుతుంది. ఆటలు ఎక్కువైతే పైన, ప్రాసెసర్ పని ఎక్కువైతే ముందు అన్నది నా పద్ధతి. ముందు బిగిస్తే రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తున ఉండేలా చూసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవారికి కూడా ఒక మాట. వాడిన లిక్విడ్ కూలర్‌ను ఎంత చవకగా ఇచ్చినా నేను కొనను. లోపల ద్రవం ఎంత మిగిలిందో, పంపు ఎంత అరిగిందో బయటి నుంచి చూసి చెప్పలేం. వాడిన టవర్‌ను మాత్రం సంతోషంగా కొంటాను. రేకులు వంగకుండా, అడుగు పలక మీద లోతైన గీతలు లేకుండా ఉంటే అది కొత్తదాని కింద లెక్క. మీ సాకెట్‌కు, అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటుకు, సరిపడే బిగింపు సామాను ఉందో లేదో అడగండి. ఇంటెల్ సాకెట్లలో ఎల్‌జీఏ1700కు సరిపోయేది కొత్త ఎల్‌జీఏ1851కూ సాధారణంగా సరిపోతుంది. రైజెన్‌ల పాత సాకెట్ అయిన ఏఎం4 కూలర్లలో మదర్‌బోర్డుతో వచ్చిన వెనుక పలకనే వాడుకునేవి ఏఎం5కూ పనికొస్తాయి. ఏఎం4 మదర్‌బోర్డు మీద నుంచి పాత టవర్‌ను మీరే విప్పుతుంటే, ముందు పది నిమిషాలు కంప్యూటర్ నడిపి థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పదార్థం) మెత్తబడనివ్వండి. తర్వాత ఆపి, ప్లగ్గు తీసి, బిగింపు వదులు చేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ఎత్తండి. నేరుగా లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి దానికే అతుక్కుని వస్తుంది, పిన్నులు వంగుతాయి.