ట్రైలర్ కొనే ముందు మీ పికప్ డోర్ తెరిచి బరువు హద్దు రాసిన స్టిక్కర్ చదవండి: మాకు జరిగింది మీకు జరగకూడదని

అమెరికాలో పికప్ ఉండి, దాని వెనక ట్రావెల్ ట్రైలర్, అంటే చక్రాల మీద ఉండే చిన్న ఇల్లు, తగిలించుకుని పిల్లలతో క్యాంపింగ్‌కి తిరగాలని చూస్తున్నవాళ్ల కోసం ఈ పోస్టు రాస్తున్నాను. దయచేసి సంతకం పెట్టక ముందే చదవండి. మేం సంతకం పెట్టి, డబ్బు కట్టి, రెండు ట్రిప్పులు తిరిగాక తెలుసుకున్నాం. రెండో ట్రిప్పులో ప్రాణాల మీదికి వచ్చింది.

మాది నాలుగు తలుపుల హాఫ్ టన్ పికప్, అంటే పెద్ద పికప్‌లలో తేలిక తరగతిది. 11,000 పౌండ్లు లాగుతుందని ప్రకటనలో ఉంది. మేం చూసిన ట్రైలర్ ఖాళీ బరువు 6,050 పౌండ్లు, హిచ్ (పికప్ వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడే బరువు, అంటే టంగ్ వెయిట్, 610 పౌండ్లు అని బ్రోచర్‌లో ఉంది. "పదకొండు వేలు లాగే బండికి ఆరు వేలు ఒక లెక్కా సార్" అన్నాడు అమ్మినతను. అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు, మొత్తం ఐదుగురం ఎక్కుతాం, సామాను కూడా ఉంటుంది, సరిపోతుందా అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ "నో ప్రాబ్లమ్" అన్నాడు. బయట పార్కింగ్‌లోనే ఉన్న మా బండి దగ్గరికి వెళ్లి డోర్ తెరిచి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నాకూ తెలియదు కాబట్టి నేనూ చూడలేదు.

మొదటి ట్రిప్పు రోజు పొద్దున్నే ట్రైలర్ తగిలించి జాక్ పైకి తిప్పుతుంటే పికప్ వెనక భాగం మెల్లగా కిందికి దిగుతూ వచ్చింది. వెనక టైరుకీ పైన ఫెండర్‌కీ మధ్య మామూలుగా జానెడు సందు ఉంటుంది, అది నాలుగు వేళ్లకు వచ్చేసింది. ముందు భాగం పైకి లేచింది. నాన్న పక్కనే నిలబడి చూస్తున్నారు. ఆయన చిన్నప్పటి నుంచి ఎద్దుల బండి తోలిన మనిషి. "ముందు బరువైందిరా బండి. బరువంతా ఎద్దుల మెడ మీద పడుతోంది" అన్నారు. ఇది పదకొండు వేల పౌండ్లు లాగుతుంది నాన్నా అన్నాను. "లాగడం సంగతి కాదురా, మోయడం సంగతి చెప్తున్నా" అన్నారు.

అసలు విషయమంతా ఆ మాటలోనే ఉంది. నాకది అర్థమవడానికి హైవే మీద అరవై మైళ్లు పట్టింది. స్టీరింగ్ తేలిపోయినట్టుగా ఉంది, తిప్పితే బండి ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతోంది. తెల్లవారకముందే బయల్దేరాం కాబట్టి లైట్లు వేసుకున్నాం. ఎదురుగా వచ్చేవాళ్లు మేం హైబీమ్ వేశామనుకుని లైట్లు కొడుతున్నారు. ఇక ఉండబట్టక ఒక ట్రక్ స్టాప్‌లో దిగి కాటా మీదికి ఎక్కించాను. పెద్ద పెద్ద లారీలు తూకం వేసుకునే క్యాట్ స్కేల్ అది. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు విడివిడిగా మూడు పలకల మీద తూగి చీటీ వస్తుంది. అక్కడి ఖాళీ స్థలంలో ట్రైలర్ విప్పి, పికప్‌ను ఒక్కదాన్నే ఇంకోసారి తూచాను. తర్వాత ట్రైలర్ తగిలించి, హిచ్ బార్లు (హిచ్ మీది బరువును మిగతా ఇరుసుల మీదికి సర్దే కడ్డీలు) బిగించకుండా ఒకసారి, బిగించి ఒకసారి తూచాను. అమ్మ, నాన్న, మా ఆవిడ, బాబు అందరూ బండిలో కూర్చునే ఉన్నారు.

పికప్ ఒక్కటే 6,660 పౌండ్లు తూగింది. ట్రైలర్ తగిలించి బార్లు వదిలేస్తే పికప్ రెండు ఇరుసుల మీద 7,620. అంటే తేడా 960, అదే అసలు టంగ్ వెయిట్. బ్రోచర్‌లో రాసింది 610. ఈ 350 ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, బ్రోచర్ బరువు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన ఖాళీ పెట్టెది. అందులో మా బ్యాటరీ లేదు, నిండు గ్యాస్ సిలిండర్లు లేవు, నీళ్లు లేవు. 30 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్ నిండుగా ఉంటే బండతో కలిపి సుమారు 55 పౌండ్లు, అవి రెండూ సరిగ్గా నాలుక మీదే, అంటే హిచ్ దగ్గరే కూర్చుంటాయి. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. మా 40 గ్యాలన్ల ట్యాంకు ఇరుసుల కన్నా ముందుంది, అది నిండితే 330 పౌండ్ల పైమాట. ఆ ముందు వైపే ఉన్న సామాన్ల అరలో నేను పనిముట్లు, కుర్చీలు, పెద్ద గిన్నెలు అన్నీ కుక్కాను. ట్రైలర్ మొత్తం 7,180 తూగింది.

అప్పుడు తెరిచాను డ్రైవర్ డోర్. పిల్లర్ మీద తెలుపు, పసుపు రంగుల స్టిక్కర్ ఉంది, టైర్ల గాలి ఎంత ఉండాలో రాసేది. దాని మీదే ఇంకో వాక్యం కూడా ఉంటుంది. మనుషులు, సామాను కలిపి బరువు ఇంత ఎప్పుడూ దాటకూడదని. మా బండికి ఆ అంకె 1,480 పౌండ్లు, 671 కిలోలు. పేలోడ్ అంటే ఇదే. ట్రైలర్ ముందు భాగం హిచ్ మీద మోపే బరువు కూడా సామాను కిందకే వస్తుంది. పన్నెండు వందల రోజులుగా ఆ డోర్ తీసి వేస్తున్నాను, ఒక్కసారి కూడా చదవలేదు.

మా లెక్క చూడండి. మనుషులు ఐదుగురు కలిపి 680. బెడ్‌లో, అంటే పికప్ వెనక తొట్టిలో, జనరేటర్, కూలర్, కట్టెలు కలిపి 210. బెడ్ మీద నేను పెట్టించిన గట్టి మూత 60. హిచ్ సామాను 90. ఇక్కడికే 1,040 అయిపోయింది. దాని మీద టంగ్ వెయిట్ 960. మొత్తం 2,000 పౌండ్లు, 1,480 మోయాల్సిన బండి మీద. బార్లు బిగించాక కూడా పికప్ 7,540 తూగింది, దాని హద్దు 7,100. వెనక ఇరుసు మీద 4,080 పడింది, ఆ ఇరుసు హద్దు 3,900. అదే డోర్ పిల్లర్ మీద ఇంకో స్టిక్కర్‌లో ఈ రెండు హద్దులూ రాసి ఉంటాయి.

మరి 11,000 అబద్ధమా అంటే, అబద్ధం కాదు, అందుకే ఇది ఇంకా ప్రమాదం. లాగే సామర్థ్యం లెక్కకట్టడానికి ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంఘం పెట్టిన జే2807 అనే ప్రమాణం ఉంది. అందులో బండిలో 150 పౌండ్ల చొప్పున ఇద్దరే మనుషులు, టంగ్ వెయిట్ ట్రైలర్ బరువులో పది శాతం. 11,000లో పది శాతం 1,100, ఇద్దరు మనుషులు 300, మొత్తం 1,400. మా 1,480లో సరిపోయింది! కానీ ఆ లెక్కలో బండిలో ఇంకెవరూ లేరు, బెడ్ ఖాళీ. కుటుంబంతో తిరిగేవాళ్లకు ఆ అంకెతో పనే లేదు.

బార్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే "వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెట్టాం కదా, ఇంకేం భయం లేదు" అని మాకు చెప్పారు. అది మంచి పరికరమే. మా ముందు ఇరుసు మామూలుగా 3,600 ఉండేది, ట్రైలర్ తగిలించగానే 3,260కి పడిపోయింది, స్టీరింగ్ తేలిపోయింది అందుకే. బార్లు బిగిస్తే 3,460కి వచ్చింది. ట్రైలర్ ఇరుసుల మీదికి వెళ్లింది మాత్రం 80 పౌండ్లే. బరువును అటూ ఇటూ సర్దుతుంది తప్ప మాయం చేయదు, స్టిక్కర్ మీద అంకెనూ పెంచదు. వెనక ఇరుసు దగ్గర బిగించే గాలి సంచులు (ఎయిర్ బ్యాగులు), అదనపు స్ప్రింగులు కూడా అంతే. బండి వెనక లేచి చూడ్డానికి బాగుంటుంది, హద్దు మారదు.

ఇక రెండో ట్రిప్పు. అమ్మానాన్నలు ఇండియా వెళ్లిపోయారు, 290 పౌండ్లు తగ్గింది. టంగ్ వెయిట్ తగ్గిస్తే చాలు, ఈ బండితోనే నెట్టుకురావచ్చనుకున్నాను. నీళ్ల ట్యాంకు ఖాళీ చేశాను. ముందు అరలోని సామానంతా ట్రైలర్ వెనక మంచం కిందికి మార్చాను. ట్రైలర్ వెనక బంపర్‌కి ర్యాక్ బిగించి రెండు సైకిళ్లు తగిలించాను. పికప్ చక్కగా సమంగా నిలబడింది, చూసి సంతోషించాను. కాగితం మీద పేలోడ్ కూడా హద్దులోనే ఉంది.

ఇంటర్‌స్టేట్ మీద ఒక దిగుడులో 65 మైళ్ల వేగంతో వెళ్తున్నాం. ఎడమ పక్క నుంచి పెద్ద లారీ దాటింది. ఆ గాలికి ట్రైలర్ తోక ఒకసారి కుడికి కదిలింది. వెంటనే ఎడమకి. మూడోసారికి అద్దంలో ట్రైలర్ పక్క గోడ మొత్తం కనిపించింది, ఆ తర్వాత ఇంకో అద్దంలో ఇంకో గోడ. పికప్ వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని ఊపుతున్నట్టే ఉంది. నా కాలు బ్రేక్ మీదికి వెళ్లిపోయింది, కానీ నొక్కలేదు. అలాంటప్పుడు బ్రేక్ గట్టిగా తొక్కితే ట్రైలర్ వెనక నుంచి తోసుకొచ్చి అడ్డం తిరుగుతుందని అదృష్టం కొద్దీ ఎక్కడో చదివి ఉన్నాను. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ మీద ఉండే మీటను చేత్తో నొక్కాను. అది ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేస్తుంది. నలభైకి వచ్చేసరికి ఊపు ఆగింది. పక్కకి ఆపాక మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బాబు చేతిలో నీళ్ల బాటిల్ మూత తీసి ఉంది, సీటంతా తడిసిపోయింది.

తర్వాతి ట్రక్ స్టాప్ దాకా నలభై ఐదు దాటకుండా వెళ్లి మళ్లీ తూచాం. ట్రైలర్ 6,940, టంగ్ వెయిట్ 540. అంటే ఎనిమిది శాతం కూడా లేదు. ఇలాంటి ట్రైలర్‌కి నిండుగా తూగిన బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద ఉండాలి. తక్కువైతే తోక ఊపుతుంది. ఎక్కువైతే పికప్ నడుము కుంగుతుంది. ఆ రాత్రి ఫోన్లో చెప్తే నాన్న చాలా బాధపడ్డారు. వెనక బరువైతే కాడి పైకి లేచి మెడ కింది తాడు ఎద్దు గొంతుకు బిగుసుకుంటుంది, అప్పుడు ఎద్దు అడుగు నిలవదు అన్నారు.

కాబట్టి కొనబోయేవాళ్లు లెక్క ట్రైలర్ వైపు నుంచి మొదలుపెట్టొద్దు, స్టిక్కర్ వైపు నుంచి మొదలుపెట్టండి. స్టిక్కర్ అంకెలోంచి ఇంట్లో అందరి బరువు, బెడ్‌లో సామాను, హిచ్ సామాను బరువు, మీరు తర్వాత బిగించినవన్నీ తీసేయండి. మిగిలిందే టంగ్ వెయిట్‌కి చోటు. పది, పదిహేను మధ్యలో పదమూడు శాతం అనుకుని దాన్ని 0.13తో భాగించండి. వచ్చిన అంకెను ట్రైలర్ ఖాళీ బరువుతో పోల్చకండి, దాని జీవీడబ్ల్యూఆర్‌తో, అంటే నిండుగా ఎంత దాకా ఉండవచ్చో ట్రైలర్ మీదే రాసిన బరువుతో పోల్చండి. మాకు ఐదుగురితో 440 మిగులుతుంది, అంటే దాదాపు 3,400 పౌండ్ల ట్రైలర్. ముగ్గురమే అయితే 730, సుమారు 5,600. మేం కొన్నదాని జీవీడబ్ల్యూఆర్ 7,600! పది శాతం పెట్టి లెక్కేసుకుని పెద్దది వస్తుందని సంబరపడకండి. ఆ పది శాతం మనం సర్దే తీరుకి పన్నెండు, పద్నాలుగు అవుతూనే ఉంటుంది. హిచ్ రిసీవర్ (పికప్ వెనక హిచ్‌ను దూర్చే గొట్టం) మీద కూడా ఒక లేబుల్ ఉంటుంది, బార్లు లేకుండా ఎంత, బార్లతో ఎంత అని రెండు అంకెలు. అదీ చూడండి.

పక్కింటివాళ్లదీ ఇదే మోడల్, వాళ్లు లాగుతున్నారు కదా అని అనుకోవద్దు. ఒకే మోడల్‌లో ఒక బండికీ ఇంకో బండికీ పేలోడ్ వందల పౌండ్లు తేడా ఉంటుంది. సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్, పెద్ద సీట్లు, ఏది ఎక్కువ ఉంటే అంత పేలోడ్ అక్కడే తగ్గిపోతుంది. దీని పై తరగతి అయిన ముప్పావు టన్ డీజిల్‌కి మారదామనుకున్నా స్టిక్కర్ చూసే మారండి. ఇంజిన్ బరువు వల్ల, పైస్థాయి మోడల్ అయితే, కొన్నిటికి రెండు వేల దగ్గరే ఆగిపోతుంది. ఫిఫ్త్ వీల్, అంటే పికప్ బెడ్‌లోనే తగిలించే రకం ట్రైలర్ అయితే, దాని పిన్ మీద ఇరవై శాతం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, హాఫ్ టన్ ఉన్నవాళ్లు ఆ మాటే ఎత్తకండి.

మా ట్రైలర్ అమ్మకానికి పెట్టాం, నష్టానికే. పోయిన వారం ఒకాయన భార్యనీ ముగ్గురు పిల్లల్నీ తీసుకుని హాఫ్ టన్ పికప్‌లో చూడ్డానికి వచ్చారు. ట్రైలర్ తాళం తీయక ముందు మీ డ్రైవర్ డోర్ తెరవండి అన్నాను. 1,350 ఉంది. ఇద్దరం ఆయన బానెట్ మీదే కాగితం పెట్టి లెక్క వేశాం. ఆయన కాసేపు ఆ కాగితం వైపే చూసి, మడిచి జేబులో పెట్టుకుని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయారు. ట్రైలర్ ఇంకా మా దగ్గరే ఉంది.