బెంగళూరులో పాత క్లబ్బు సభ్యత్వం: పద్నాలుగేళ్ళ వాడకం తర్వాత

దరఖాస్తు పెట్టినప్పుడు మా అమ్మాయి ఎల్‌కేజీ. కార్డు చేతికొచ్చేసరికి ఎనిమిదో తరగతి. మధ్యలో ప్రపోజరు, సెకండరు (మనల్ని సిఫారసు చేసే పాత సభ్యులు) సంతకాలు, చివర్లో కమిటీ ముందు మేమిద్దరం బుద్ధిగా టీ తాగడం. అచ్చం పెళ్ళిచూపులే. క్లబ్బు పేరు రాయను, ఇంకా అక్కడే తినాలి కదా. కంటోన్మెంటు వైపు పాతవాటిలో ఒకటి అనుకోండి.

కట్టే డబ్బులో సగం వానచెట్లకి, పెంకుల కప్పుకి, గోడ మీది పాత ఫోటోలకి. అంటే చరిత్రకి. ఈ ఊళ్ళో క్లబ్బుల చరిత్రంతా ఎవరిని గేటు దాటనిచ్చారు, ఎవరిని దాటనివ్వలేదు అన్న లెక్కే. 1868లో తెల్ల సైనికాధికారులు పెట్టుకున్న యునైటెడ్ సర్వీసెస్ క్లబ్బే ఇప్పటి బెంగళూరు క్లబ్బు. ఆ పేరు 1946లో వచ్చింది. తలపాగా తీయనన్నందుకు విశ్వేశ్వరయ్యగారిని అక్కడ రానివ్వలేదనీ, ఆ పౌరుషంతోనే 1917లో కబ్బన్ పార్కులో సెంచరీ క్లబ్బు పెట్టారనీ మా పేకాట బల్ల దగ్గర చెప్పుకుంటారు. ఆయన పూర్వీకులది గిద్దలూరు వైపు మోక్షగుండం కదా, మన తెలుగువాళ్ళు చెప్తే కథ ఇంకో పది నిమిషాలు పొడుగు.

బెంగళూరు క్లబ్బు లెడ్జరులో 1899 జూన్ 1న రాని బాకీల కింద రాసిన ఒక పద్దు ఉంది: లెఫ్టినెంట్ చర్చిల్, 13 రూపాయలు. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన చర్చిలే. 2020లో ఆ క్లబ్బు సంపద పన్ను కేసులో సుప్రీంకోర్టు తీర్పు మొదలైందే ఈ బాకీతో. కేసు క్లబ్బు గెలిచింది. 2013లో ఆదాయపు పన్ను కేసులో మాత్రం ఓడింది. మా డబ్బు మేమే వేసుకుని మేమే ఖర్చుపెట్టుకుంటే పన్నేమిటన్నది క్లబ్బుల వాదన. నిజమే, కానీ ఆ డబ్బుని బ్యాంకులో డిపాజిట్ చేసి వడ్డీ తీసుకుంటే అది వేరే సంగతి అంది కోర్టు.

బాకీల విషయంలో నేనూ చర్చిల్‌కి తీసిపోలేదు. మూడేళ్ళ కిందట మా క్లబ్బులో కార్డు మీద కట్టిన 340 రూపాయలు వాళ్ళ లెక్కల్లో ఎక్కలేదు. చెప్పా పెట్టకుండా నా పేరు నోటీసు బోర్డు మీద అంటించారు. రసీదు చూపించాక కూడా అది దిగడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ బేరర్లు నాకు మరీ మర్యాదగా వడ్డించారు, అదొక బాధ.

అంతకన్నా గుచ్చుకున్నది మా మామగారి సంగతి. నెల్లూరు నుంచి పంచె, ఉత్తరీయంతో వచ్చారు. డైనింగ్ హాలు దగ్గర ఆపేశారు. "పర్లేదు నాయనా, బయట గాలి బాగుంది" అని ఆయన లాన్‌లో కూర్చున్నారు. తలపాగా కథ చెప్పి మురిసిపోయే మేమే పంచె కూడదన్న ఈ నిబంధనకి సరేనని చేతులెత్తి ఓటేశాం. చెన్నైలో ఒక హైకోర్టు జడ్జిని పంచె కట్టుకున్నారని క్లబ్బులో ఆపితే, 2014లో తమిళనాడు ప్రభుత్వం ఏకంగా చట్టమే చేసింది. మామగారిని ఆపిన ఏడు మా సర్వసభ్య సమావేశంలో నేను ఈ మాట ఎత్తాను. తర్వాతి అంశం స్విమ్మింగ్ పూల్ టైల్సు అన్నారు.

మరి ఎందుకు వదల్లేదు? లైబ్రరీ ఒకటి. బయటకన్నా సగం ధరకి దోసె. వేరే ఊళ్ళలో అఫిలియేటెడ్ (మా క్లబ్బుతో ఒప్పందం ఉన్న) క్లబ్బు గదులు, కాకపోతే డిసెంబరులో దొరకవు. ఇంకా మా రమ్మీ. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటేనని సుప్రీంకోర్టు చెప్పింది సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులోనే, 1967 నాటి మాట. మా బల్ల దగ్గర ఆ నైపుణ్యం పెద్దగా కనిపించదు.

డబ్బు మిగిలి, సాయంత్రాలు ఖాళీగా ఉండి, పదేళ్ళు ఆగగలిగితే తీసుకోండి. జిమ్ కోసమైతే వద్దు.

మా అమ్మాయికి పాతికేళ్ళు దాటాయి, డిపెండెంట్ కార్డు పోయింది. విడిగా సభ్యత్వం తీసుకోమంటే, "తాతయ్యని లోపలికి రానిస్తారా నాన్నా?" అంది. ఫారం నా సొరుగులోనే ఉంది, ప్రపోజరు సంతకం వరకు పెట్టి.